సార్, ఎడమ కాలు!

పోయిన నెల ఈ పేజీలో ఒకరికి జవాబు రాస్తూ, నలభై అయిదేళ్ళ వయసులో బేగంపేటలో కొత్త రకం హెలికాప్టర్ నేర్చుకున్నానని మాటవరసకి ఒక్క వాక్యం రాశాను. అసలు జవాబుని వదిలేసి ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే వచ్చాయి. సంపాదకులు ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశారు. ఇక మీరు అడగడం, నేను చెప్పడం.

బైక్ లైసెన్స్ ఒకటి ఉంటే స్ప్లెండరైనా బుల్లెట్టైనా నడిపేస్తాం. ఇరవయ్యేళ్ళు హెలికాప్టర్ నడిపిన మీరు ఇంకో హెలికాప్టర్ మళ్ళీ నేర్చుకోవడం ఏంటి సార్?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

బుల్లెట్ అని మీరే అన్నారు కాబట్టి మీ పని సులువైంది. పాత బుల్లెట్ నడిపిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడగండి. దానికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. వేరే బండి అలవాటైనవాడు దాని మీద కూర్చుని, ఎదురుగా గేదె వచ్చినప్పుడు ఏం తొక్కుతాడో ఊహించుకోండి. నా సంగతీ అంతే.

నేను 1980ల్లో హకీంపేటలో, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ స్కూల్లో, చేతక్ అనే హెలికాప్టర్ మీద నేర్చుకున్నాను. అది ఫ్రెంచివాళ్ళ డిజైన్, మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ ఇక్కడ తయారుచేసింది. పైన తిరిగే పెద్ద రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లులాగా తిరుగుతుంది. రోటర్ ఒకవైపు తిరుగుతుంటే కింద ఉన్న బాడీ దానికి ఎదురు తిరగాలని చూస్తుంది. అలా తిరగనివ్వకుండా పట్టుకునేది తోక దగ్గరి చిన్న రోటర్. దాన్ని నడిపేది మన కాళ్ళ కింది పెడల్స్. చేతక్‌లో ఎడమచేత్తో కలెక్టివ్ అనే లీవర్ పైకి లాగితే, అంటే పైకి లేవాలనుకుంటే, ముక్కు ఎడమకి పోతుంది, కుడికాలు తొక్కాలి. ఇరవయ్యేళ్ళు తొక్కాను. ఎడమచెయ్యి పైకి లేస్తే కుడికాలు దానంతటదే దిగేది, మధ్యలో నా ప్రమేయం లేకుండా.

2006లో ఉద్యోగం మారి బేగంపేటలో బెల్ 407 ఎక్కాను. అమెరికన్ మెషీన్. దాని రోటర్ గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు పైకి లేవాలంటే ఎడమకాలు తొక్కాలి. ఇది నాకు తెలియదా? తెలుసు. రెండు లావుపాటి మాన్యువల్స్ చదివి పరీక్ష రాసి ప్యాసయ్యాను. మొదటిరోజు పొద్దున్న ఏప్రన్ మీద, అంటే హెలికాప్టర్లు నిలిపే చోట, స్టార్ట్ చేసి, నెమ్మదిగా కలెక్టివ్ లాగాను. స్కిడ్స్, అంటే కింద కాళ్ళలా ఉండే గొట్టాలు, నేలని వదిలాయి. కుడికాలు దిగింది. ముక్కు అసలే కుడికి పోదామని చూస్తోంది, నేను ఇంకా సాయం చేశాను. ఎదురుగా ఉండాల్సిన హ్యాంగర్ పక్క కిటికీలోకి వెళ్ళిపోయింది.

"సార్, ఎడమ కాలు."

మా ఇన్‌స్ట్రక్టర్ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, గుంటూరు జిల్లా అబ్బాయి. అరవలేదు, కంట్రోల్స్ లాక్కోలేదు. తన కాలు పెడల్ మీద అడ్డంగా పెట్టి, టీ కావాలా అని అడిగినట్టు అడిగాడు. ఆ నెలన్నర ట్రైనింగ్‌లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇంకో తేడా కాళ్ళకి కాదు, కళ్ళకి. చేతక్‌లో ఇంజన్ ఎప్పుడూ ఒకే స్పీడులో, నిమిషానికి 33,500 చుట్లు, ఒకే శృతిలో కూస్తూ ఉంటుంది. ఎంత బలం వాడుతున్నామో చూడడానికి రెక్కల పిచ్, అంటే వాలు, ఎంతుందో చెప్పే మీటరు చూసేవాళ్ళం. 407లో టార్క్ శాతం, అంటే ఇంజన్ ఎంత బలంతో తిప్పుతోందో, ఇంకా ఇంజన్ వేడి చూడాలి. మొదటివారం నా చూపు పాత మీటరు ఉండాల్సిన చోటికి వెళ్ళి, అక్కడ అది లేక వెనక్కి వచ్చేది. కొత్త కోడలికి వంట రాక కాదు కదా, ఆ వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియక.

చక్రాలు కూడా లేవు. చేతక్ మూడు చక్రాల మీద నేలమీద దొర్లుకుంటూ పోతుంది. 407కి ఉన్నవి స్కిడ్స్, రెండు గొట్టాలు. పది గజాలు జరగాలన్నా గాల్లోకి లేవాల్సిందే. ఇంజన్ ఆపాక హ్యాంగర్లోకి తొయ్యాలంటే మెకానిక్కులు చిన్న చక్రాలు తగిలించి నెట్టుకెళ్తారు. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట ఆగినప్పుడు, అది కొంచెం ఎడమకి ఒరిగి నిలబడుతుంది, దిగేటప్పుడు ఎడమ స్కిడ్ ముందు నేలకి తగులుతుంది. చేతక్ కుడికి ఒరుగుతుంది. నా నడుముకి కూడా ఈ కొత్త ఒరుగు నేర్పాల్సి వచ్చింది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, అప్పటిదాకా హెలికాప్టరే నడపనివాడికి 407 నాకంటే తేలిగ్గా వచ్చేది. వాడికి మర్చిపోవాల్సింది ఏమీ లేదు.

నలభై అయిదేళ్ళకి, అదీ మీకంటే చిన్నవాడి పక్కన, మళ్ళీ విద్యార్థిగా కూర్చోవడం నామోషీగా అనిపించలేదా? ఇంట్లో ఏమన్నారు?
— గృహిణి, నిజాంపేట

మొదటి మూడురోజులు అనిపించిందమ్మా. నాలుగోరోజు నుంచి భయం వేసి నామోషీ పోయింది.

మారేడ్‌పల్లిలో మా డైనింగ్ టేబుల్ కింద రెండు పీటలు పెట్టి, కుర్చీలో కూర్చుని, ఎడమచేతిలో చుట్టిన పేపరు పట్టుకుని రోజూ రాత్రి అరగంట సాధన చేసేవాణ్ణి. పేపరు పైకి, ఎడమకాలు కిందికి. పేపరు కిందికి, కుడికాలు. మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "కుట్టుమిషన్ ఎప్పుడు కొన్నారు?" అంది. మా అబ్బాయి ఇంటర్ చదివేవాడు. ఎటువెళ్తూ ఎటొస్తూ "నాన్నా, ఎడమ కాలు" అనేవాడు, ఎడమకాలే తొక్కుతున్నా సరే.

ఆ పీటల సాధన పనికొచ్చిందా అంటే, మామూలుగా ఉన్నప్పుడు పనికొచ్చింది. టెన్షన్ వచ్చినప్పుడు పాత కాలే ముందుకొచ్చేది. నాలుగునెలల తర్వాత ఒక మండల కేంద్రంలో స్కూలు గ్రౌండులో దిగుతున్నాను. నీళ్ళు చల్లుతామన్నవాళ్ళు చల్లలేదు. ఎర్రదుమ్ము ఒక్కసారి లేచి ముందున్న గోల్‌పోస్ట్ కూడా కనిపించలేదు. మళ్ళీ పైకి లేచిపోదామని కలెక్టివ్ లాగాను. ఏ కాలు దిగిందో మీరు ఊహించే ఉంటారు. ముక్కు ఓ ముప్పై డిగ్రీలు తిరిగింది, వెంటనే సర్దాను, పైకొచ్చేశాను. వెనక కూర్చున్న పెద్దమనిషి అది నా స్టైల్ అనుకున్నాడు. లాగ్‌బుక్‌లో ఆ రోజు పక్కన పెన్సిల్‌తో చిన్న 'కు' రాసుకున్నాను. అలాంటి 'కు'లు మొత్తం మూడున్నాయి. మూడోదాని తేదీ చూస్తే, నేర్చుకున్న ఏడాదిన్నరకి.

కోఠీలో మాకు చిన్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఉంది. హెలికాప్టర్ పైనుంచి పోతుంటే బయటికొచ్చి చూస్తాను. దాని ఇంజన్ ఆగిపోతే సీదా మా నెత్తి మీద పడుతుందా?
— ఒక వ్యాపారి, కోఠీ

పడదు. అంటే, రాయిలా పడదు. జాతరలో కాగితపు గాలిచక్రం కొని పిల్లలు పరిగెత్తితే గిర్రున తిరుగుతుంది కదా, దానికి మోటారు లేదు. ఇంజన్ ఆగగానే పైలట్ కలెక్టివ్‌ని కిందికి నొక్కేస్తాడు, ఒకటి రెండు సెకన్లలోపే. హెలికాప్టర్ దిగుతుంటే కిందినుంచి వచ్చే గాలి రోటర్‌ని తిప్పుతూనే ఉంటుంది. నేల దగ్గరికి వచ్చాక ముక్కు ఎత్తి స్పీడు తగ్గించి, రోటర్‌లో మిగిలిన ఊపునంతా కలెక్టివ్ లాగి ఒక్కసారి ఖర్చుపెట్టి మెత్తగా దిగాలి. ఆ ఊపు ఒక్కసారికే సరిపోతుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. ఇందులోనూ నా కాళ్ళ గొడవ ఉంది. ఇంజన్ ఆగితే చేతక్ ముక్కు కుడికి పోతుంది, 407 ముక్కు ఎడమకి. కాబట్టి ఆ ఒకటి రెండు సెకన్లలో మాత్రం చేతక్‌లో అలవాటైన ఎడమకాలు కాదు, కుడికాలు దిగాలి.

అసలు చిక్కు సిటీలో ఎక్కడ దిగాలన్నదే. జనావాసాల మీద ఎగరాలంటే, చుట్టూ 600 మీటర్లలో ఉన్న అన్నిటికంటే ఎత్తైన దానికి కనీసం 1,000 అడుగుల పైన ఉండాలని రూలు. ఏదైనా జరిగితే కిందివాళ్ళకి ప్రమాదం లేకుండా దిగగలిగే ఎత్తు కూడా ఉండాలి. వెయ్యి అడుగుల నుంచి ఆటోరొటేషన్‌లో దిగితే చేతిలో ఉండేది అరనిమిషం, కాస్త అటూ ఇటూ. ఆ అరనిమిషంలో వెళ్ళగలిగేది ఓ కిలోమీటరు.

మా ఇన్‌స్ట్రక్టర్ సిటీ మీద ఇంజన్ తగ్గించేవాడు కాదు. అవి ఎప్పుడూ పొద్దున్నే, విమానాలు మొదలవకముందే, రన్‌వే మీదే చేయించేవాడు. సిటీ మీద మాత్రం ఒక ఆట ఆడేవాడు. నేను ఎటో చూస్తుండగా "ఇప్పుడు?" అనేవాడు. అంటే ఇప్పుడు ఇంజన్ ఆగితే ఎక్కడికి? నేను వెంటనే వేలు పెట్టి చూపించాలి. మూడు లెక్కపెట్టేలోపు చూపించకపోతే ఆ రోజు హోటల్లో ఇడ్లీ నా ఖర్చు.

మొదట్లో సులువే అనుకున్నాను. మ్యాప్ తీసి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్, నిజాం కాలేజీ గ్రౌండ్, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్, ఉస్మానియా మైదానాలు, నెక్లెస్ రోడ్ పక్కన ఖాళీలు, అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఒకరోజు అబిడ్స్ దాటుతుండగా "ఇప్పుడు?" అన్నాడు. టక్కున నిజాం కాలేజీ గ్రౌండ్ చూపించాను.

"ఆదివారం సార్."

కిందికి చూశాను. ఒకే గ్రౌండులో ఎన్ని క్రికెట్ మ్యాచ్‌లు జరుగుతున్నాయో. ఒక మ్యాచ్ ఫీల్డర్ ఇంకో మ్యాచ్ వికెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కాలు, రంగుచొక్కాలు, స్కూటర్లు, ఐస్‌క్రీమ్ బండి.

ఆ రోజునుంచి మ్యాప్‌తో పాటు క్యాలెండర్ కూడా చదవడం మొదలుపెట్టాను. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి సగం దాకా నుమాయిష్, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ లేనట్టే. ఏదైనా పార్టీ బహిరంగసభ ఉంటే పరేడ్ గ్రౌండ్స్ పోయినట్టే. నిమజ్జనం రోజు హుస్సేన్ సాగర్ చుట్టుపక్కల కాలు పెట్టే చోటుండదు. సరిగ్గా ఆ రోజే ఏరియల్ సర్వే అని మమ్మల్ని అక్కడికే పంపేవాళ్ళు. సంక్రాంతికి పాతబస్తీ మీద పతంగులు, వాటి మధ్య నిజం గద్దలు. కాగితానిది తెగినా పర్వాలేదు, గద్ద మాత్రం పక్కకి తప్పుకోదు. కొత్త హెలికాప్టర్ నెలన్నరలో వచ్చింది. ఈ ఊరి ఏ మైదానం ఏ రోజు ఖాళీగా ఉంటుందో తెలియడానికి రెండేళ్ళు పట్టింది. మాన్యువల్ రాసినవాళ్ళకి నుమాయిష్ గురించి తెలియదు కదా.

మీ కోఠీ మీదుగా పోయేటప్పుడు నా వేలు ఎప్పుడూ మూసీ వైపు ఉండేది. మీ కొట్టుకి ఢోకా లేదు.

బేగంపేటలో పెద్ద విమానాలు తిరిగే రోజుల్లో హెలికాప్టర్లకి చోటెక్కడ ఉండేది?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, సీతాఫల్‌మండి

ఉండేది కాదు. శంషాబాద్ 2008 మార్చి 23న మొదలైంది. అంతకుముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి చిన్నాచితకా దాకా అన్నీ బేగంపేట ఒక్క రన్‌వే మీదే. పెద్ద విమానం వెళ్ళాక దాని వెనక గాలి సుడులు తిరుగుతుంది, అవి చల్లారేదాకా మేం పక్కన ఆగాలి. "సాగర్ దగ్గర హోల్డ్ చేయండి" అని టవర్ నుంచి వచ్చేది. నీళ్ళమీదికి పోకుండా ఒడ్డు పట్టుకుని తిరిగేవాళ్ళం. బుద్ధుడికి నేను చేసినన్ని ప్రదక్షిణలు ఏ భక్తుడూ చేసి ఉండడు.

మేం కోకాపేటలో 31వ అంతస్తులో ఉంటాం. ఒక్కోసారి హెలికాప్టర్ మాకంటే కిందుగా పోతున్నట్టు అనిపిస్తుంది. నిజమేనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కోకాపేట

దూరంగా ఉన్నది అలాగే కనిపిస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో మీ ఇల్లున్న చోట బండరాళ్ళు, సీతాఫలం పొదలు ఉండేవి. గోల్కొండ కోట ఎటునుంచి చూసినా ఆనవాలు. ఇప్పుడు కోట మీ టవర్ల పక్కన గుట్టలా ఉంది. పైలట్‌కి మీ టవర్‌తో ఇబ్బంది లేదు, అది నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. దాని పక్కన కట్టే కొత్త టవర్ నెత్తిమీద ఉన్న క్రేన్‌తోనే. అది వారం వారం ఎత్తు పెరుగుతుంది, ఏ మ్యాపూ దాన్ని అందుకోలేదు.

మా ఊరికి మే నెలలో ఒక మంత్రిగారు హెలికాప్టర్‌లో వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన మనుషుల్లో ఇద్దరిని దింపేసి, కార్లో రమ్మని వెళ్ళిపోయారు. గొడవేమైనా అయిందంటారా?
— విలేకరి, గోదావరిఖని

వార్త పోయింది మీకు, క్షమించాలి. గొడవ ఎండతో. వేడిగాలి పలచబడుతుంది, రెక్కలకి పట్టు దొరకదు. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. 42 డిగ్రీల మధ్యాహ్నం హెలికాప్టర్‌కి అది దాదాపు 5,400 అడుగుల ఎత్తుతో సమానం, అంటే హార్స్‌లీ హిల్స్ కంటే పైన. మీ ఊరు ఎత్తు తక్కువైనా ఎండ ఎక్కువ. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఎక్కినంతమంది మధ్యాహ్నం ఎక్కలేరు. కొత్త హెలికాప్టర్ నేర్చుకునేటప్పుడు ఈ లెక్కల చార్టులే నిద్రపట్టనివ్వవు. నేను చార్టు చూపించి దిగమన్నవాళ్ళలో ఒకాయన నన్ను ట్రాన్స్‌ఫర్ చేయిస్తానన్నాడు. ప్రైవేటు ఉద్యోగినని ఆయనకి తెలియదు.

2009లో బేగంపేట నుంచి వెళ్ళిన హెలికాప్టర్ గురించి ఎప్పుడైనా రాస్తారని చూస్తున్నాను.
— ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

రాయాలంటే చెయ్యి రాదు. సెప్టెంబర్ 2 పొద్దున్న బేగంపేటలో లేచిన బెల్ 430, చిత్తూరు వెళ్ళాల్సింది, నల్లమలలో కూలింది. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు, మరో నలుగురు పోయారు. విచారణ నివేదిక చదివాను. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక ఒకటి పైలట్ల ధ్యాసని లాగేసిందని, ఆ సమయంలోనే వర్షపు మేఘాల్లో కిందికి తోసే గాలిలో చిక్కుకున్నారని అందులో ఉంది.

2011లో నేను రెండు ఇంజన్ల బెల్ 412కి మారినప్పుడు, ఆ పేజీలే నాకు పాఠ్యపుస్తకం. బెంగళూరులో హెచ్‌ఏఎల్, కెనడా కంపెనీ సీఏఈ కలిసి పెట్టిన హ్యాట్సాఫ్ సెంటర్లో, నేలమీదే ఎగిరినట్టుండే సిమ్యులేటర్‌లో ఎర్రలైట్లు వెలిగించి, మబ్బు చూపించి, రేడియోలో మాట్లాడించి, అన్నీ ఒకేసారి మీదపడేసేవాళ్ళు. ఇద్దరిలో ఒకరు నడపడమే చూడాలి, ఇంకొకరే పుస్తకం తియ్యాలి. రెండు ఇంజన్లలో ఒకటి ఆగితే 412 ముక్కు పెద్దగా కదలదు. కాబట్టి అక్కడ కాళ్ళతో కంటే చేతులతో ప్రమాదం. కంగారులో బాగున్న ఇంజన్ ఆపేస్తారు. అందుకే ఆ ఇంజన్ థ్రాటిల్ మీద చెయ్యి వేసి, పైకి గట్టిగా "నెంబర్ టూ" అని చెప్పి, పక్కవాడు కూడా చూసి "నెంబర్ టూ" అన్నాకే తిప్పాలి. నేను ఒకసారి పక్కవాడు అనకముందే తిప్పాను. సిమ్యులేటర్ కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

మా అమ్మాయి హెలికాప్టర్ పైలట్ అవుతానంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, ఖమ్మం

ఫీజులు కట్టకముందు క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్లకి చేసే వైద్యపరీక్ష, చేయించండి. ముందు డబ్బు కట్టి తర్వాత కంటిచూపు దగ్గర ఆగిపోయినవాళ్ళని చూశాను. కమర్షియల్ లైసెన్సుకి 18 ఏళ్ళు నిండాలి, 150 గంటలు ఎగరాలి. గంట గంటకీ ఖర్చు బాగా అవుతుంది, దాచకుండా చెప్తున్నాను. అన్నిటికంటే ముందు, ఏ హెలికాప్టర్ మీద నేర్పుతారో అడగండి. దాని రోటర్ ఎటు తిరుగుతుందో కూడా అడగమనండి మీ అమ్మాయిని. చెప్పలేని చోట చేర్పించకండి.

2020లో బేగంపేట నుంచి మేడారం జాతరకి హెలికాప్టర్లు నడిపినప్పుడు వెళ్ళలేకపోయాం. మళ్ళీ నడిపితే మా అమ్మగారిని తీసుకెళ్ళాలని ఉంది. ఏ సీటు అడగాలి?
— ఆటోడ్రైవర్, రసూల్‌పురా

మీరు అడిగేదేం ఉండదు తమ్ముడూ, బరువును బట్టి వాళ్ళే కూర్చోబెడతారు. అమ్మగారి బరువు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, సిగ్గుపడి తగ్గించకండి. కొంగు గట్టిగా దోపుకోమనండి. దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎదురుగా, పైలట్‌కి కనపడేలా వెళ్ళండి, తోక వైపు మాత్రం అస్సలు పోవద్దు. ఇంకో మాట, ఆవిడ నిలువెత్తు బంగారం, అంటే తనంత బరువు బెల్లం, మొక్కుకుని ఉంటే ఆ బెల్లం ఇక్కడినుంచి మోసుకెళ్ళకండి, మేడారంలోనే కొనుక్కోండి. లేకపోతే హెలికాప్టర్‌కి మీరు ముగ్గురు లెక్క.